మేడ్చల్, శామీర్‌పేట సిటీ బస్సులు: ఆర్థిక సమస్యలు

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దారులు పోతాయి. ఒకటి బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ చేరే నాగపూర్ రోడ్డు. ఇప్పటి లెక్కలో అది 44వ జాతీయ రహదారి. రెండోది కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరే కరీంనగర్ రోడ్డు, అంటే రాజీవ్ రహదారి. మొదటి దారిలో 229 నంబరు, రెండో దారిలో 211 నంబరు సిటీ బస్సులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. ఈ రెండు నంబర్లు ఈ వైపు జనానికి ఊరి పేర్లంత పరిచయం. తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) నడిపే ఈ బస్సుల ఖర్చును ఎవరు భరించాలన్నది తొంభై ఏళ్లుగా తేలని ప్రశ్న. హైదరాబాద్ నగరమంతటా ఉన్న సమస్యే ఇది. అయినా దాని అసలు రూపం శివారులో, అందునా ఈ రెండు దారుల్లో, స్పష్టంగా కనబడుతుంది.

దారి, ఊళ్లు, జనం

శామీర్‌పేట అనగానే ఒకప్పుడు చెరువు, జింకల పార్కు గుర్తొచ్చేవి. ఆదివారం టిఫిన్ క్యారియర్ కట్టుకుని బస్సెక్కే చోటు అది. ఇప్పుడు ఆ మండలంలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం ఉన్నాయి. ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర టీకాలు, మందులు తయారుచేసే జీనోమ్ వ్యాలీ ఉంది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. జిల్లా కలెక్టరేట్‌ను శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టి 2022 ఆగస్టులో ప్రారంభించారు. దాంతో మల్కాజిగిరి, ఉప్పల్ వైపు వాళ్లు కూడా ఒక ధ్రువీకరణ పత్రం కోసమో, భూమి గొడవ చెప్పుకోవడానికో ఇంత దూరం రావాల్సి వచ్చింది. మేడ్చల్ వైపు చూస్తే కొంపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయ ప్రాంతాలు ఇంజినీరింగ్ కాలేజీలతో, గోదాములతో, కొత్త అపార్టుమెంట్లతో నిండిపోయాయి.

ఇన్ని వచ్చినా ఈ ఊళ్ల మధ్య ఖాళీలు పూర్తిగా పూడలేదు. బస్సు లెక్క తప్పేది సరిగ్గా అక్కడే. కోఠి, అమీర్‌పేట లాంటి చోట్ల రెండు స్టాపులకోసారి సగం బస్సు దిగుతుంది, మళ్లీ అంతమంది ఎక్కుతారు. ఒక సీటు ఒక ట్రిప్పులో నలుగురికి అమ్ముడుపోతుంది. మేడ్చల్ బస్సులో అలా జరగదు. పొద్దున మేడ్చల్‌లో కూర్చున్న మనిషి బోయిన్‌పల్లి దాటేదాకా లేవడు. పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక సీటు ఒక్కసారే అమ్ముడవుతుంది. పైగా జనం పొద్దున ఒక వైపు, సాయంత్రం మరో వైపు పోతారు. కాలేజీ పిల్లలు ఎదురు దిశలో వస్తారు కనుక కొంత సర్దుబాటు అవుతుంది కానీ, వాళ్ల చేతిలో ఉండేది రాయితీ పాసు. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా అదే బస్సు సగం సీట్లు ఖాళీగా తిరుగుతుంది. ఆ సమయంలో బస్సును ఆపేస్తే డ్రైవరు, కండక్టర్ల జీతం ఆగదు. నడిపితే డీజిల్ ఆగదు.

లోటు ఎలా పుడుతుంది

డిపోల్లో వినబడే మాటలు మూడు: ఓఆర్, ఈపీకే, కేఎంపీఎల్. ఓఆర్ అంటే బస్సులో ఉన్న చోటులో ఎంత నిండిందన్న లెక్క. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు నడిచిన దూరం. డిపో మేనేజర్ పనితీరును ఈ మూడు అంకెలతోనే కొలుస్తారు. ఇవి మంచి కొలతలే. కానీ సుచిత్ర చౌరస్తాలో బస్సు పావుగంట నిలబడితే ఈ మూడూ ఒక్కసారే పడిపోతాయి. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, కిలోమీటర్లు పెరగవు. ట్రిప్పు ఆలస్యమైతే రోజు మొత్తంలో ఒక ట్రిప్పు పోతుంది, ఆ ట్రిప్పుతో దాని రాబడీ పోతుంది. సుచిత్ర-కొంపల్లి మధ్య ఫ్లైఓవర్ల పనులు సాగిన రోజుల్లో ఈ దారిలో ప్రయాణించిన వాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. రోడ్డు ఇరుకైతే ఆ నష్టం రోడ్డు వేసేవాడి ఖాతాలో పడదు, డిపో ఖాతాలో పడుతుంది.

ఇంకో భారం పన్నులది. రాష్ట్రంలో డీజిల్ మీద అమ్మకపు పన్ను 27 శాతం. దాని మీద కేంద్రం ఎక్సైజు సుంకం వేరు. డీజిల్ జీఎస్టీలోకి రాలేదు కనుక కట్టిన పన్నులో తిరిగి వచ్చేదేమీ లేదు. ఇవిగాక వాహన పన్ను ఉంది. అంటే యాభై మందిని ఎక్కించుకుని పోయే బస్సు నుంచి రాష్ట్రం ముందు పన్ను వసూలు చేస్తుంది, తర్వాత అదే బస్సు లోటులో ఉందని సాయం ప్రకటిస్తుంది. 2022 మార్చిలో ఇంకో దెబ్బ తగిలింది. టోకున కొనే డీజిల్ ధర ఒక్కసారిగా పాతిక రూపాయల మేర పెరిగింది. పెద్దమొత్తంలో కొనే సంస్థకే ఎక్కువ ధర పడటంతో ఆర్టీసీ బస్సులు బయటి బంకుల ముందు వరుస కట్టాయి. ఆ ఏడాదే టికెట్ల మీద డీజిల్ సెస్సు వచ్చింది.

నగరంలో వచ్చే లోటును చాలాకాలం జిల్లాల బస్సులు పూడ్చాయి. దూరప్రాంతాల సూపర్ లగ్జరీలు, సంక్రాంతి, దసరా స్పెషల్ బస్సులు, మేడారం జాతర రాబడి, ఇవన్నీ కలిసి 229 లాంటి సర్వీసులను మోశాయి. కరీంనగర్ వెళ్లే రైతు టికెట్టులో కొంత భాగం కొంపల్లి అపార్టుమెంటు వాసి ప్రయాణానికి పోయిందన్నమాట. ఆ రైతును ఎవరూ అడగలేదు. ప్రైవేటు బస్సులు, సొంత కార్లు పెరిగి జిల్లా రాబడి తగ్గేసరికి ఈ చాటు సర్దుబాటు కూడా పలచబడింది.

శాఖ నుంచి సంస్థ దాకా

హైదరాబాద్ రాజ్యంలో బస్సు మొదట ప్రభుత్వ శాఖగానే పుట్టింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. 1951లో హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. రాష్ట్ర విభజన తర్వాత 2015 జూన్‌లో రెండు సంస్థలుగా పని వేరుపడింది. 2016లో తెలంగాణ సంస్థ అధికారికంగా ఏర్పడింది. 2024లో దాని పొట్టిపేరు టీఎస్‌ఆర్టీసీ నుంచి టీజీఎస్‌ఆర్టీసీ అయింది.

శాఖ సంస్థగా మారినప్పుడు వచ్చిన చట్టం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. అందులో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవాలి. 18వ సెక్షన్ ప్రకారం తగినంత, సమర్థమైన, చవకైన, సమన్వయంతో కూడిన రవాణాను ప్రజలకు అందించడం సంస్థ విధి. 22వ సెక్షన్ ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి. మధ్యాహ్నం సగం ఖాళీగా పోయే 211 బస్సు మొదటి సెక్షన్ ప్రకారం నడిచి తీరాలి, రెండో సెక్షన్ ప్రకారం ఆగిపోవాలి. ప్రజావసరం కోసం నష్టానికి నడిపితే ఆ నష్టం ఎవరిచ్చి తీర్చాలో చట్టం కచ్చితంగా చెప్పి ఉంటే ఈ రెండూ కలిసి బతికేవి. అలా చెప్పలేదు. 34వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం సంస్థకు ఆదేశాలివ్వగలదు. ఆదేశానికి బిల్లు ఎవరు కడతారన్నది మాత్రం ప్రతిసారీ బేరమే.

నా దృష్టిలో సమస్య మూలం ఇదే. సిబ్బంది ఎక్కువనో, యాజమాన్యం చేతకానిదనో అనే మాటలు తర్వాత వచ్చాయి. చెల్లించేవాడి పేరు లేని సేవను మొదలుపెట్టి, చెల్లింపు రానందుకు సేవ చేసేవాణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

బల్దియా ఇచ్చిన 336 కోట్లు

ఒకసారి మాత్రం చెల్లించేవాడి పేరు బయటికొచ్చింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం నగర సర్వీసుల నష్టాన్ని గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ, జనం మాటలో బల్దియా) భరించాలని చెప్పింది. ముంబైలో బస్సులు నడిపే బెస్ట్ అక్కడి నగరపాలికకు చెందిన సంస్థే కదా, ఇక్కడ మాత్రం ఎందుకు కాకూడదన్న ఆలోచన దాని వెనక ఉంది. ఆలోచన మంచిదే. 2014-15, 2015-16 సంవత్సరాలకు జీహెచ్‌ఎంసీ 336 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఆ తర్వాత ఇవ్వలేదు.

2019లో ఆర్టీసీ కార్మికులు చేసిన సమ్మె సమయంలో ఈ బాకీ సంగతి హైకోర్టు ముందుకు వచ్చింది. సంస్థకు రావాల్సిన డబ్బు వెయ్యి కోట్లకు పైనే ఉందని కార్మికుల వాదన. జీహెచ్‌ఎంసీ చట్టం 112వ సెక్షన్‌లో ప్రజా రవాణాకు డబ్బు ఖర్చు చేయవచ్చన్న మాట ఉంది. చేయాలి అని లేదు. తమ ఆర్థిక పరిస్థితి అంతంత మాత్రమే కనుక ఆ భారం మోయలేమని పాలక సంస్థ చెప్పుకుంది. ‘వచ్చు’కీ ‘వలెను’కీ మధ్యనున్న తేడా వందల కోట్లు మింగేసింది.

మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో ఈ వాదన ఇంకా చిక్కుపడింది. 229 బస్సు సికింద్రాబాద్‌లో బయలుదేరేటప్పుడు జీహెచ్‌ఎంసీలో ఉండేది. కాసేపటికి రక్షణ శాఖ కింద ఉండే సికింద్రాబాద్ కంటోన్మెంటు బోర్డు హద్దులోకి వెళ్లేది. సుచిత్ర దగ్గర మళ్లీ జీహెచ్‌ఎంసీ. ఆ తర్వాత కొంపల్లి పురపాలిక, గుండ్లపోచంపల్లి పురపాలిక, చివరికి మేడ్చల్ పురపాలిక. 211 బస్సుది కూడా ఇదే కథ: కంటోన్మెంటు, అల్వాల్, తూంకుంట, అది దాటాక ఒకప్పటి గ్రామ పంచాయతీలు. ఒక్క టికెట్టుతో ప్రయాణికుడు నాలుగైదు పాలనలు దాటేవాడు. ప్రతి పాలనా ఆ రోడ్డు పక్కన ఇంటిపన్ను వసూలు చేసింది, లేఅవుట్లకు అనుమతి రుసుము తీసుకుంది. బస్సు సౌకర్యం ఉందని ప్లాట్ల బ్రోచర్లలో అచ్చయింది, గజం ధర పెరిగింది. ఆ పెరుగుదలలో ఒక్క రూపాయి కూడా తప్పనిసరిగా బస్సుకు చేరాలన్న నియమం ఎక్కడా లేకపోయింది. జీహెచ్‌ఎంసీని అడిగితే ఆ బస్సు మా హద్దు దాటి పోతోందనేది. పురపాలికను అడిగితే మాకు అంత శక్తి ఎక్కడిదనేది. ఇద్దరిదీ నిజమే.

ఈ హద్దులు ఈమధ్య చెరిగిపోయాయి. 2024లో ఔటర్ రింగు రోడ్డు లోపలున్న 51 గ్రామ పంచాయతీలను పక్క పురపాలికల్లో కలిపారు. 2025 నవంబరులో మేడ్చల్, గుండ్లపోచంపల్లి, కొంపల్లి, తూంకుంటతో సహా 27 పట్టణ పాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలపాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. చెత్త బండి, వీధి దీపం, ఇంటిపన్ను అన్నీ దాంతో నగరానివే అయ్యాయి. రేపు ఆ నగరపాలనను ఎన్ని ముక్కలుగా విడదీసినా, మా హద్దు కాదన్న సాకు ఇక నిలవదు.

52 రోజులు, ఆ తర్వాత

2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మంది కార్మికులు ప్రభుత్వంలో విలీనంతో సహా 26 డిమాండ్లు పెట్టారు. అంతకు ముందు ఆర్థిక సంవత్సరం 2018-19లో సంస్థ నష్టం 928 కోట్లు. ప్రాణాలు పోయిన ఆ సమ్మె గురించి ఒక వ్యాసంలో ఒక పేరాతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే డబ్బు సంగతికే పరిమితమై చెప్పాలంటే, ముగింపులో వచ్చినవి రెండు: ప్రభుత్వం తక్షణ సాయంగా ప్రకటించిన 100 కోట్లు, డిసెంబరు 3 నుంచి కిలోమీటరుకు 20 పైసల ఛార్జీ పెంపు. రెండోది ప్రయాణికుడి జేబులోంచి వచ్చింది.

నగరానికి మూడోది కూడా వచ్చింది. నష్టం తగ్గించుకోవడానికి దాదాపు 3,800 ఉన్న సిటీ బస్సులను 2,800 దాకా కుదించారు. తీసేసిన బస్సుల్లో కొన్ని 2020 జూన్‌లో మొదలైన కార్గో, పార్సిల్ సర్వీసులకు పోయాయి. సీట్లు పీకేసిన సిటీ బస్సు పెట్టెలు మోసుకుంటూ వెళ్తుంటే, అదే రోడ్డు మీద జనం షేర్ ఆటో కోసం చెయ్యి ఎత్తి నిలబడ్డారు. వెంటనే కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు 25 దాకా, ఆరు నెలలు, నగరంలో సిటీ బస్సే లేదు. ఆ ఆరు నెలల్లో అప్పుచేసి స్కూటరు కొన్నవాడు మళ్లీ బస్సెక్కడానికి చాలా కారణాలు కావాలి. పావుగంటకు రావాల్సిన బస్సు ముప్పావుగంటకు వస్తే ఆ కారణాలేవీ మిగలవు. బస్సులు తగ్గిస్తే జనం తగ్గుతారు, జనం తగ్గారని మళ్లీ బస్సులు తగ్గిస్తారు. శివారులో ఇది వేగంగా జరుగుతుంది. అక్కడ మొదటి నుంచీ ఉన్నదే తక్కువ.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం ప్రకారం మంచి సేవ అనిపించుకోవాలంటే లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలి. కోటి దాటిన మహానగరానికి ఆ లెక్కన 6,000 కావాలి. ఉన్నవి అందులో సగం.

లోటులో కొంత భాగాన్ని కార్మికులే మోశారు. వాళ్లు జీతంలోంచి కోత పెట్టించుకుని దాచుకున్న సహకార పరపతి సంఘం సొమ్మును సంస్థ వాడుకుంది. దాన్ని రాబట్టుకోవడానికి సంఘం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2013 వేతన ఒప్పందం బకాయిల్లో సగాన్ని బాండ్ల రూపంలో ఇచ్చి 2024 దాకా ఆపారు. 2017లో రావాల్సిన వేతన సవరణ 21 శాతం ఫిట్‌మెంటుగా 2024 జూన్ నుంచి అమలైంది. పిల్ల పెళ్లికో, ఇల్లు కట్టుకోవడానికో దాచుకున్న డబ్బు బస్సు నడిచేందుకు పెట్టుబడి అయింది. నగర రవాణాకు వడ్డీ లేని అప్పు ఇచ్చింది ఎవరంటే ముందుగా చెప్పాల్సింది ఆ డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులనే.

ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకోవాలని 2023 జులై 31న మంత్రివర్గం నిర్ణయించింది. 43,373 మందికి వర్తించే ఆ బిల్లును ఆగస్టు 6న శాసనసభ ఆమోదించింది, సెప్టెంబరులో గవర్నరు సంతకం పెట్టారు. అయినా 2025 మే నెలలో సమ్మెకు సిద్ధమైన సంఘాల డిమాండ్లలో విలీనం ఇంకా ఉంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచే ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు, జీతాలు ఖజానా నుంచి వస్తున్నాయి.

జీరో టికెట్టు

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్టు లేదు. సరిగ్గా చెప్పాలంటే, టికెట్టు ఉంది, డబ్బు లేదు.

తూంకుంటలో ఎక్కిన ఆమె చీర కొంగులోంచి ఆధార్ కార్డు తీసి చూపిస్తుంది. కండక్టర్ టికెట్లిచ్చే టిమ్ యంత్రంలో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కుతుంది. ఒక సన్నని కాగితం బయటికొస్తుంది. ఆమె దాన్ని చేతిలో నలుపుకుంటూ నిలబడుతుంది. కాగితం మీద చెల్లించాల్సింది సున్నా. కానీ యంత్రం లోపల ఆ ప్రయాణం విలువ నమోదవుతుంది. రాత్రి డిపోలో యంత్రం దించినప్పుడు అలాంటి విలువలన్నీ కలిసి ఒక మొత్తం అవుతాయి. ఆ మొత్తమే ప్రభుత్వం సంస్థకు చెల్లించాల్సిన బిల్లు. అందుకే జీరో టికెట్టు తీసుకోకుండా ప్రయాణించవద్దని సంస్థ పదేపదే చెప్పింది. ఎలాగూ ఉచితమే కదా అని ఒక మహిళ టికెట్టు తీసుకోకపోతే నష్టం బస్సుకే.

2025 జులైకి ఈ ఉచిత ప్రయాణాలు 200 కోట్లకు చేరాయని, వాటి విలువ 6,680 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. ఈ అంకెను చూసి భయపడేవాళ్లు ఉన్నారు. నాకైతే ఇందులో కనబడేది వేరు. ప్రతి ప్రయాణానికీ విలువ కట్టి, దాన్ని చెల్లించాల్సినవాడి పేరు రాసిపెట్టిన పద్ధతి ఇది. ఇళ్లలో పనిచేసేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు, ప్రైవేటు బడుల్లో చదువు చెప్పే టీచర్లు, ఆటోకు ఇచ్చిన డబ్బులు మిగుల్చుకుని బస్సెక్కారు. ఓఆర్ పెరిగింది. ఇబ్బంది మరోచోట ఉంది. ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. మహిళలతో నిండిన ఆర్డినరీలో చోటు దొరకని పురుషులు కొందరు బైకులకు మళ్లారు, అంటే రోజూ చేతికొచ్చే నగదు తగ్గింది. నెల తిరిగాక వచ్చే ప్రభుత్వ చెల్లింపు ఒక్క నెల ఆలస్యమైనా డీజిల్‌కు, జీతాలకు వెతుక్కోవాలి.

పాసులు, ఛార్జీలు, విద్యుత్ బస్సులు

2025 జూన్‌లో పాసుల ధరలు ఇరవై శాతానికి పైగా పెరిగాయి. ఆర్డినరీ పాసు 1,150 నుంచి 1,400 రూపాయలు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600 అయింది. విద్యార్థుల పాసులూ పెరిగాయి. అక్టోబరు 6 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా వేశారు. సంస్థ చెప్పిన కారణం విద్యుత్ బస్సులు. 2027 నాటికి ఔటర్ లోపల డీజిల్ బస్సుల స్థానంలో 2,800 విద్యుత్ బస్సులు తేవాలంటే పది కొత్త డిపోలు, పది ఛార్జింగ్ కేంద్రాలు కావాలి. వాటికి 392 కోట్లు అవసరం. అప్పటికి నడుస్తున్న విద్యుత్ బస్సులు 265.

పొగ లేని బస్సు రావాల్సిందే. అయితే ఆ ఛార్జింగ్ కేంద్రానికి డబ్బు ఇస్తున్నది ఎవరో చూడాలి. నాలుగో స్టేజీ దాటి ప్రయాణించేవాళ్లు ఎక్కువగా శివారువాళ్లే. మేడ్చల్ నుంచి వచ్చే మగవాళ్లు రోజుకు రెండుసార్లు పది రూపాయల చొప్పున, నెలకు పాతిక రోజులు లెక్కేసినా, 500 రూపాయలు అదనంగా కడతారు. చౌకగా దొరికిన ఇంటి కోసం దూరం పోయినవాళ్లకు ఆ దూరమే మళ్లీ ఖర్చవుతోంది. అదే రోడ్డు మీద కారులో ఒక్కరే పోయేవారు బస్సు కోసం ఏమీ కట్టరు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు టోలు హక్కును 2023లో ముప్పై ఏళ్లకు 7,380 కోట్లకు ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. మేడ్చల్, శామీర్‌పేట రెండు చోట్లా ఆ రోడ్డు ఎక్కే దారులున్నాయి. రోడ్డు మీద వచ్చే అలాంటి రాబడిలో బస్సుకు చట్టం రాసిచ్చిన వాటా లేదు.

కొత్త బస్సుల ఒప్పందాల తీరు కూడా గమనించాలి. కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. ఈ పద్ధతిలో బస్సు ప్రైవేటు ఆపరేటరుది. టికెట్టు డబ్బు ఆర్టీసీది. జనం ఎక్కినా ఎక్కకపోయినా ఒప్పుకున్న కిలోమీటర్లకు ఆపరేటరుకు డబ్బు చెల్లించాలి. ఆర్టీసీలు చెల్లించలేకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఖాతా నుంచే నేరుగా రాబట్టుకునే భద్రతా ఏర్పాటును కేంద్రం 2024లో 3,435 కోట్లతో తెచ్చింది. పెట్టుబడి పెట్టినవాడికి రక్షణ ఉండాలి, తప్పు లేదు. అయితే కిలోమీటరు నడిపితే డబ్బు వచ్చి తీరాలన్న సూత్రం ప్రైవేటు బస్సు విషయంలో సాధ్యమైనప్పుడు, అదే రోడ్డు మీద అదే జనాన్ని మోసే ప్రభుత్వ బస్సు విషయంలో ఎందుకు సాధ్యం కాదు?

ఇతర నగరాలు

ఫ్రాన్స్‌లో 1971లో పారిస్ ప్రాంతానికి, 1973 నుంచి ఇతర పట్టణాలకు ఒక పన్ను తెచ్చారు. ఉద్యోగులున్న సంస్థలు జీతాల మొత్తం మీద కొంత శాతం స్థానిక రవాణాకు కట్టాలి. ఉద్యోగి సమయానికి పనికి రావడం వల్ల యజమానికి లాభం కనుక యజమాని కూడా భరించాలన్నది అక్కడి తర్కం. జీనోమ్ వ్యాలీలోని కంపెనీలకు, కండ్లకోయ గోదాములకు ఈ తర్కం అక్షరాలా సరిపోతుంది. లండన్‌లో 2003 నుంచి నగర మధ్య భాగంలోకి వచ్చే కార్ల మీద రుసుము ఉంది. మిగులును రవాణాకే వాడాలని అక్కడి చట్టం చెబుతుంది.

ముంబై బెస్ట్ అనుభవంలో హెచ్చరిక ఉంది. చాలాకాలం ఆ సంస్థ విద్యుత్ విభాగం మిగులుతో బస్సు లోటును పూడ్చుకుంది. విద్యుత్ నియంత్రణ కట్టుదిట్టమయ్యాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు నగరపాలిక ఇచ్చే గ్రాంట్ల మీద ఆధారపడింది. 2019లో కనీస ఛార్జీని 8 నుంచి 5 రూపాయలకు తగ్గించి జనాన్ని రప్పించారు కానీ లోటు పెరిగింది. నగరపాలిక సొంత సంస్థ అయినంత మాత్రాన సరిపోదు, ఏటా ఎంత ఇవ్వాలో ముందే రాసి ఉండాలి.

హైదరాబాద్‌లో ఆ పని చేయగల వేదిక కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. బస్సు, రైలు, రోడ్డు అన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టడానికి ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థను 2008లోనే ఏర్పాటు చేశారు. నగర రైలు విషయంలో మాత్రం స్పష్టత వచ్చింది: ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ ఖర్చును రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించేలా ఒప్పందం రాసుకున్నారు. రాష్ట్రం వాటా ఆలస్యమైనప్పుడు ఎవరిది బాకీ అన్నది తెలిసింది, అడగడానికి వీలైంది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. బస్సుకు అలాంటి ఒప్పందపత్రం ఒక్కటీ లేదు.

మెట్రో వచ్చాక

2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన మెట్రో రెండో దశ-బి ప్రణాళికలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు ఉన్నాయి. అంచనా వ్యయం మొదటిదానికి 6,946 కోట్లు, రెండోదానికి 5,465 కోట్లు. ఇవిగాక ఈ రెండు రోడ్ల మీద ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఉత్తర శివారుకు ఇవన్నీ కావాలి. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవే.

మెట్రో పెద్ద రోడ్డు వెంట పోతుంది. అంతాయిపల్లి కలెక్టరేటుకు పోవాల్సిన వృద్ధుడికి, మైసమ్మగూడ కాలేజీకి పోవాల్సిన పిల్లకు, తుర్కపల్లిలో రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడికి స్టేషను నుంచి ఇంకో బస్సు ఉండాలి. కట్టడానికి 12 వేల కోట్ల పైచిలుకు లెక్క వేయగలిగిన చోట, ఏటా బస్సు నడపడానికి ఎంత కావాలి, ఎవరు ఎంత ఇవ్వాలి అన్న లెక్క కూడా వేయవచ్చు. జీహెచ్‌ఎంసీ చట్టంలోని ‘చేయవచ్చు’ను ‘చేయాలి’గా మార్చడం, ఇంటిపన్నులో, లేఅవుట్ రుసుములో, టోలులో బస్సుకు వాటా నిర్ణయించడం, మహాలక్ష్మి బిల్లును ప్రతి నెలా ఫలానా తేదీకి చెల్లించడం శాసనసభ చేయగల పనులు. ఈ దారుల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ మెట్రో ఎప్పుడొస్తుందని అడుగుతున్నాం. 229కీ 211కీ కిలోమీటరుకు ఎవరు డబ్బు కడతారో కూడా అడుగుదాం.